నడివీధి చాటింపు నుండి చెవిలో గుసగుస వరకు



"ప్రకటన" అన్న మాటను మనం రోజుకు ఎన్నిమార్లు వింటామో లెక్క లేదు. దాని పుట్టుక వైపు ఒక్కసారి చూస్తే ఆలోచింపజేసే సంగతి ఒకటి కనబడుతుంది. "ప్రకటము" అంటే స్పష్టమైనది, బయటపడినది, అందరి కంటికీ ఆనేది. దానికి ఎదురుమాట "గోప్యము". కనుక ప్రకటన అంటే ఒక విషయాన్ని నలుగురి ముందు పెట్టడం. నలుగురూ చూడనిది, నలుగురూ విననిది మాట అర్థాన్ని బట్టి ప్రకటన కాజాలదు.

మన తెలుగునాట, విశేషించి చలనచిత్రాల విషయంలో, ప్రకటన ఏయే రూపాలు ధరించి నేటి డిజిటల్ మాధ్యమాల దాకా వచ్చిందో చెప్పాలని ఈ వ్యాసం. వేగం పెరిగిందని కొందరు, ఖర్చు పెరిగిందని కొందరు అంటారు. రెండూ నిజమే. ఐతే వీటికంటే పెద్ద మార్పు ఒకటున్నది. నడివీధిలో నిలబడి అరిచిన ప్రకటన ఈనాడు ఒక్కొక్కరి చెవి దగ్గర చేరి గుసగుసలాడుతున్నది. ఆ గుసగుస యంత్రాంగంలో కొంత భాగం మన హైదరాబాదులోనే, కొత్తగూడ చుట్టుపక్కలనే నడవడం ఈ చరిత్రలో ఒక విచిత్రం.

మొదట పాత సంగతి. మన పల్లెల్లో తొలి ప్రకటనకర్త టముకు వేసేవాడు. దానినే దండోరా అన్నారు, చాటింపు అన్నారు. శిస్తు గడువు, సంత, జాతర, తప్పిపోయిన ఎద్దు, రేపటి పంచాయతీ, అన్నీ ఆ గొంతు నుండే ఊరికి తెలిసేవి. ఆ పద్ధతిలో మూడు లక్షణాలు గమనించదగినవి. ఒకటి, చెప్పేవాడెవరో, ఎవరు చెప్పమంటే చెబుతున్నాడో ఊరందరికీ తెలుసు. రెండు, చెప్పేది అందరికీ ఒకటే. మోతుబరి ఇంటిముందు ఒక మాట, కూలివాని గుడిసె ముందు ఇంకొక మాట ఉండదు. మూడు, విన్నవారు అక్కడికక్కడే ఒకరి ముఖమొకరు చూసుకొని, నమ్మవచ్చునో కూడదో తేల్చుకోగలరు. చదువరులు ఈ మూడింటినీ గుర్తుంచుకోవాలని మనవి. చివర వీటితో పని ఉన్నది.

అలాగని అది స్వర్ణయుగమని నేననను. ఊరందరికీ కబురు వినిపించిన ఆ డప్పు మనిషికి ఊరి నడుమ ఇల్లుండేది కాదు. చాలాచోట్ల ఆ పని కూలి లేని వెట్టి. చాటింపు అందరిదీ, చాటినవాడు మాత్రం ఊరి వెలుపలివాడు. ఈ అన్యాయాన్ని మరచి పాతకాలాన్ని పొగడరాదు.

సినిమా వచ్చాక అది ఈ చాటింపునే అరువు తెచ్చుకొన్నది. 1932లో "భక్త ప్రహ్లాద"తో తెలుగు తెర మాటాడింది. తరువాత పట్టణాల్లో థియేటర్లు, పల్లెల్లో టూరింగ్ టాకీసులు వెలిశాయి. బండికి ఇరువైపులా బొమ్మలు కట్టి, బాజాతోనో మైకుతోనో వీధివీధీ తిరుగుతూ రంగు కాగితాలు విసరడం, ఆ కాగితాల కోసం పిల్లలు బండి వెంట పరుగెత్తడం నా తరంవారందరూ ఎరిగిన దృశ్యమే. సాయంత్రం టాకీసు మీది లౌడ్‌స్పీకరులో ఘంటసాల వారి "నమో వేంకటేశా" వినబడితే ఆట మొదలు కాబోతున్నదని చుట్టుపక్కల ఊళ్ళకు తెలిసేది. దానికి వేరే గంట అక్కరలేదు.

అచ్చు ప్రకటన చరిత్ర సినిమాకంటే పాతది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీ ప్రారంభించారు. సంగీత సభలలో దానిని ఊరక పంచిపెట్టి, వాడినవారి నోటనే దాని గుణం చెప్పించారు. ఆ మందు మీద వచ్చిన ఆదాయం 1908లో ఆయన బొంబాయిలో స్థాపించిన ఆంధ్రపత్రికకు అండగా నిలిచింది. 1914లో ఆ పత్రిక మద్రాసులో దినపత్రికయై జాతీయోద్యమానికి తోడ్పడింది. సరకు అమ్మకం, అక్షరవ్యాప్తి ఒకే చేతి మీదుగా సాగిన ఉదాహరణ ఇంతకంటే గొప్పది మనకు లేదు. ఈనాడు "ఉచిత నమూనా", "వాడుకరుల మాటే ప్రచారం" అని కొత్తగా పాఠాలు చెబుతున్నవారికి పంతులుగారు నూరేళ్ళ ముందరి గురువు.

అచ్చులో ఇంకొక కట్టుబాటు ఉండేది. 1867 నాటి ముద్రణాలయాల చట్టం ప్రకారం ముద్రించిన కాగితం మీద ముద్రాపకుని పేరు, ముద్రించిన చోటు వేయవలసి ఉండేది. పాత కరపత్రాల, గోడపత్రికల అడుగున చీమతలకాయలంత అక్షరాలలో ప్రెస్సు పేరు, ఊరి పేరు కనబడేవి అందుకే. పరదేశ ప్రభుత్వం తన భద్రత కోసం పెట్టిన నియమమే కావచ్చు. కాని ప్రతి మాటకూ ఒక చిరునామా ఉండాలన్న అలవాటు దానివలన మనకు పట్టుబడింది.

గోడపత్రిక కాలంలో ప్రచారం ఒక చిత్రకళగా ఎదిగింది. బాపు గారు దర్శకులు కాకముందు ప్రకటనల సంస్థలో పనిచేసినవారు. 1967లో ఆయన తీసిన తొలి చిత్రం "సాక్షి"తోనే ఈశ్వర్ గారు ప్రచార చిత్రకారులుగా పేరు తెచ్చుకొని, తరువాత దశాబ్దాల పాటు తెలుగు సినిమాలకు రూపకల్పన చేశారు. 2021లో దివంగతులయ్యే లోపల "సినిమా పోస్టర్" అనే పుస్తకంలో ఆ విద్య చరిత్రను మనకు మిగిల్చి వెళ్ళారు. మద్రాసులోనో శివకాశిలోనో అచ్చయి వచ్చిన పోస్టరును మైదా జిగురుతో అర్ధరాత్రి గోడలకు అంటించేవారు. తెల్లవారేసరికి ఆవులు సగం తినేసేవి. తక్కిన సగం ముందు జనం నిలబడి, కత్తి పట్టుకున్నవాడు హీరోయా ప్రతినాయకుడా అని వాదులాడుకొనేవారు. ఆ వాదులాట కూడా ప్రచారంలో భాగమే.

అన్నిటికంటే నాకు ఇష్టమైనది పాటల పుస్తకం. విశ్రాంతి సమయంలో హాలులో కొద్ది పైసలకు అమ్మేవారు. నాలుగైదు పుటలు, పలుచని కాగితం, నటీనటుల పట్టిక, పాటలు, ముందు ఒక కథాసంగ్రహం. ఆ సంగ్రహం కథను సగానికి పైగా చెప్పుకొంటూ వచ్చి, సరిగ్గా కొస మీద ఆగిపోయేది: నాయిక అపార్థం తొలగిందా? తండ్రీకొడుకులు కలిశారా? "మిగతా కథ వెండితెరపై చూడండి." ఈ ఒక్క వాక్యం ఎన్ని తరాల కుతూహలాన్ని పోషించిందో! బడికి రాని పిల్లలు కొందరు ఆ పుస్తకాలతోనే చదవడం నేర్చుకొన్నారని చెప్పినా అతిశయోక్తి కాదు.

రేడియో వచ్చి గొంతును ఇంటిలోనికి తెచ్చింది. 1957లో మొదలైన వివిధభారతి 1967 నుండి వాణిజ్య ప్రకటనలను స్వీకరించింది. సినిమా మాటలను, పాటలను గంటకు కుదించిన "సంక్షిప్త శబ్దచిత్రం" విని, చిత్రం చూడకుండానే మాటలు అప్పజెప్పినవారు మనలో ఉన్నారు. 1974లో విశాఖపట్నంలో పుట్టిన ఈనాడు కొంతకాలానికి జిల్లా అనుబంధాలను తేగా, పక్క ఊరి హాలులో ఏ ఆట ఆడుతున్నదో దినపత్రికలోనే తెలిసింది. 1977లో హైదరాబాదు దూరదర్శన్, 1995లో ఈటీవీ, జెమినీ వచ్చాయి. ఐనా మౌలికమైన పద్ధతి మారలేదు. ఆ రేడియో నలుగురూ వినేదే, ఆ టీవీ ఇంటిల్లిపాదీ చూసేదే. అబద్ధపు ప్రకటన వస్తే ఇంట్లో ఒక్కరైనా "ఊరుకోరా!" అనేవారు.

అప్పటి చిత్రాలకు మరొక వెసులుబాటు ఉండేది: కాలం. ముద్రించే ప్రింట్లు కొద్ది. ముందు పెద్ద పట్టణాలు, అటుపైన చిన్న పట్టణాలు, ఆ తరువాత రీలు డబ్బాలు టూరింగ్ టాకీసుకు చేరేవి. సినిమా కంటే దాని మంచిచెడ్డలు ముందుగా ఊరు చేరేవి. 1980లో "శంకరాభరణం" తొలిరోజుల్లో పలుచని జనంతో మొదలై, చూసినవారి మాట మీదనే నిలబడి, ఏడాది గుర్తుంచుకొనే విజయం సాధించింది. ఆ చిత్రానికి నిలదొక్కుకొనే వ్యవధి లేకపోతే ఏమయ్యేదో ఆలోచించండి.

2005 ప్రాంతం నుండి క్యూబ్, యూఎఫ్ఓ వంటి డిజిటల్ ప్రదర్శన పద్ధతులు వ్యాపించి, రీలు డబ్బా చరిత్రలో కలిసింది. ప్రింటు ఖర్చు తగ్గడంతో ఒకేరోజు వందల తెరల మీద ఆడించడం సులువైంది. దాని ఫలితం దూరమైనది. అన్ని ఊళ్ళలో ఒకేసారి విడుదలైన చిత్రానికి తొలి మూడు రోజులే ప్రాణం. మూడు రోజుల్లో నోటిమాట పాకేలోగా ఆట అయిపోవచ్చు. కనుక జనాన్ని విడుదలకు ముందే సిద్ధం చేయాలి. వంద రోజుల పండుగ పోయి, విడుదలకు ముందు వేడుకలు రావడానికి కారణమిదే. ప్రచారం చిత్రం వెనుక నడిచేది, ఇప్పుడు ముందు పరుగెత్తవలసి వచ్చింది. సరిగ్గా ఆ అవసరం వేళకు అంతర్జాలం చేతికందింది.

ఇక్కడ మన కొత్తగూడ కథలోకి వస్తుంది. పేరులోనే ఉన్నది, కొత్తగా కట్టుకొన్న గూడెమని. రాళ్ళగుట్టలు, పొలాలు ఉన్న ఈ ప్రాంతానికి పక్కన 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. మరుసటి ఏడు ఐడిల్‌బ్రెయిన్ వంటి గూడు వెలసి, తెలుగు సినిమా కబుర్లను అమెరికాలోని మనవారికి అదే రోజు చేరవేయసాగింది. 2002లో గూగుల్ సంస్థ ప్రకటనలను వేలం వేసే పద్ధతిని ఆరంభించింది. 2004లో అదే సంస్థ హైదరాబాదుకు వచ్చింది. ఇక్కడ చేసిన తొలి పనులలో ప్రకటనకర్తలకు సాయపడటం ఒకటి. తరువాత కొత్తగూడను ఆనుకొన్న కొండాపూర్‌లో పెద్ద కార్యాలయం నడిపింది. 2010లో ఫేస్‌బుక్ భారతదేశంలో తన తొలి కార్యాలయాన్ని హైదరాబాదులోనే తెరిచింది. ఎక్కడో అమెరికాలో పుట్టిన ప్రకటన యంత్రానికి నూనె వేసే చేతులలో కొన్ని ఇక్కడివే.

ఇందులో ఒక వ్యంగ్యం కూడా ఉన్నది. ప్రకటనల పని 2004 నుండి హైదరాబాదులో జరుగుతున్నా, గూగుల్ ప్రకటన సేవలు తెలుగు భాషకు అధికారికంగా అందినది 2018లో. తెలుగు పుటలకు ప్రకటన రూపంలో పైసా రావడానికి, మన ఊళ్ళోనే కూర్చున్న ఆ వ్యవస్థ పద్నాలుగేళ్ళు తీసుకొన్నది. ఆ పద్నాలుగేళ్ళూ తెలుగు వ్రాసినవారు ప్రేమ కొద్దీ వ్రాసినవారే.

ఈ వేలం ఎలా సాగుతుందో చెబితే తక్కిన కథ సులువుగా బోధపడుతుంది. మీరొక వీడియో తెరిచారనుకొందాం. అది మొదలయ్యేలోగా, రెప్పపాటులో, మీ ముందు నిలబడే హక్కు కోసం ప్రకటనకర్తల నడుమ వేలం జరుగుతుంది. ఊరు, వయస్సు, ఇదివరకు చూసినవి, వెదికినవి ఆధారంగా ఎవరికి ఏది చూపాలో ప్రకటనకర్త ముందే చెప్పి ఉంచుతాడు. గెలిచినవాని బొమ్మ మీకు కనబడుతుంది. మీ పక్కనే కూర్చున్న మీ అబ్బాయికి వేరొకటి కనబడుతుంది. పూర్వం గోడను అద్దెకు తీసుకొనేవారు. ఇప్పుడు అద్దెకు తీసుకొనేది మన చూపును. 2016లో జియో రాకతో డేటా కారుచౌక కాగా, ఈ వేలం ప్రతి పల్లెకూ పాకింది.

సినిమా దీనిని ఎలా వాడుకొన్నదో చూద్దాం. 2011 నవంబరులో తమిళంలో వచ్చిన "కొలవెరి" పాట యూట్యూబులో దేశమంతా మోగింది. కాని 2012లో వచ్చిన ఆ చిత్రం పాటకు దక్కినంత ఆదరణ పొందలేదు. ప్రచారం వేరు, ప్రదర్శన వేరు అని అది నేర్పిన తొలి పాఠం. 2015 జూలైలో "బాహుబలి" మొదటి భాగం ఒక ప్రశ్నతో ముగిసింది: కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు? 2017 ఏప్రిల్ 28న రెండవ భాగం వచ్చేవరకు ఆ ప్రశ్న ఫోనుల మీద, పరిహాస చిత్రాల మీద, రాజకీయ ఉపన్యాసాలలో తిరిగింది. ప్రతి ఒక్కరూ ఉచితంగా దానికి దండోరా వేశారు. ఆలోచిస్తే ఇది పాటల పుస్తకం వారి "మిగతా వెండితెరపై" సూత్రమే. పావలా కాగితం చేసిన పనిని ఫోను చేసింది. అదే చిత్రానికి 2015లో కొచ్చిలో పరచిన పోస్టరు ప్రపంచంలోకెల్లా పెద్దదిగా గిన్నిస్‌కెక్కింది. డిజిటల్ యుగంలోనూ నేల మీద పరచిన బొమ్మకే వార్త పుట్టడం గమనార్హం.

2020 సంక్రాంతికి విడుదలైన "అల వైకుంఠపురములో" పాటలను ఒక్కొక్కటిగా 2019 చివరి నెలల్లోనే వదిలారు. పూర్వం ఆడియో క్యాసెట్ అంతా ఒకేసారి వచ్చేది. ఇప్పుడు పాటకొక పండుగ. విడుదల తరువాత కరోనా నిర్బంధంలో సన్‌రైజర్స్ జట్టుతో మనకు పరిచితుడైన ఆస్ట్రేలియా క్రికెటర్ వార్నర్ "బుట్టబొమ్మ"కు టిక్‌టాక్‌లో ఆడితే లోకమంతా చూసింది. అదే ఏడు జూన్‌లో టిక్‌టాక్‌ను నిషేధించారు. పరాయి గోడ మీద అంటించిన పోస్టరు, గోడ యజమాని పోతే తానూ పోతుందన్న పాఠం అందులో ఉన్నది.

కొత్తగూడ కూడలి దగ్గర 2018 డిసెంబరులో ఏఎంబీ సినిమాస్ తలుపు తెరిచింది. 2020లో తెలుగువారి కోసమే "ఆహా" ఆరంభమైంది. ఒకటి ఇల్లు కదిలించి హాలుకు రప్పిస్తుంది, రెండవది హాలు లేకుండా ఇంట్లో కూర్చోబెడుతుంది. రెండింటి ప్రచారమూ చేరవలసినది ఒకే అరచేతికి.

ఈ మార్పు మేలు చేయలేదని అనడం అన్యాయం. పెద్ద గోడలు కొనలేని చిన్న చిత్రాలకు ఇది దారి చూపింది. 2016లో "పెళ్ళిచూపులు", 2018లో కొత్త నటులతో, కంచరపాలెం వాసులతో తీసిన "కేరాఫ్ కంచరపాలెం" చూసినవారు వ్రాసిన నాలుగు మాటల బలంతో నిలిచాయి. 2023 మార్చిలో వచ్చిన "బలగం" సంగతి మరీ ముచ్చటైనది. తెలంగాణ పల్లెల్లో ఊరందరూ కలిసి తెర కట్టుకొని, నేల మీద కూర్చుని, ఆ చిత్రం చూసి కంటతడి పెట్టుకొన్నారు. మాటిమాటికీ విడిపోయే మనుషులను కలిపే కథ కదా, ఒంటరిగా చూడడం వారికి నచ్చలేదు కాబోలు. అంతర్జాలం కబురు చేరవేసింది. కాని కబురు అందుకొన్న ఊరు మళ్ళీ నడివీధికే వచ్చింది. ఫోను చాటింపును చంపనక్కరలేదనడానికి ఇది నిదర్శనం.

ఇక మొదట గుర్తుంచుకోమన్న మూడు లక్షణాలు. చెప్పేవాడెవరో తెలియాలి, అందరికీ ఒకటే చెప్పాలి, విన్నవారు కలిసి తూకం వేయగలగాలి. గుసగుస ప్రకటనలో మూడూ సన్నగిల్లాయి. సంస్కృతంలో "కర్ణేజపుడు" అనే మాట ఉన్నది. చెవిలో జపించేవాడని అర్థం. కోశకారులు దానికి చెప్పిన అర్థం మంచిది కాదు: చాడీలు చెప్పేవాడు, కొండెగాడు. మాట మంచిదైతే చెవి దగ్గర ఎందుకని మన పెద్దల అనుమానం.

ఆ అనుమానం ఎంత నిజమో ఈ ప్రాంతమే చూసింది. జూదపు యాప్‌ల ప్రచారం కొన్నేళ్ళుగా యువకుల ఫోనుల్లో అభిమాన తారల ముఖాలతో, పరిచయమైన యూట్యూబు గొంతులతో ప్రవేశించింది. తెలంగాణ 2017లోనే ఆన్‌లైన్ జూదాన్ని చట్టంతో నిషేధించింది. ఐనా ప్రచారం ఆగలేదు. 2025 మార్చిలో సైబరాబాదు పరిధిలోని మియాపూర్ ఠాణాలో, ఇటువంటి ప్రచారం చేశారన్న ఫిర్యాదుపై నటులు, సామాజిక మాధ్యమ ప్రసిద్ధులు పలువురి మీద కేసు నమోదైంది. ఎవరి బాధ్యత ఎంతో తేల్చవలసినది న్యాయస్థానం. అదే ఏడు ఆగస్టులో కేంద్రం డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలను, వాటి ప్రకటనలను నిషేధిస్తూ చట్టం చేసింది. ఇదే ప్రకటనను ఊరి నడుమ రావిచెట్టు కింద టముకు వేసి చెప్పి ఉంటే ఏమయ్యేది? "ఇంట్లో డబ్బు తెచ్చి పందెం కాయండి" అన్నవాణ్ణి తల్లులు చీపుళ్ళతో తరిమి ఉండేవారు. అది కుర్రవాని పరుపు మీద, దుప్పటి కింద, ఒక్కనికే వినబడింది కనుక తల్లికి తెలిసేసరికి అప్పు మిగిలింది. కొన్ని ఇళ్ళల్లో కుర్రవాడే మిగలలేదు.

కనుక నియమాలు కావాలి. కొన్ని వస్తున్నాయి కూడా. ప్రకటన ప్రమాణాల మండలి 2021లో, డబ్బు తీసుకొని చెప్పే మాటను ప్రకటన అని స్పష్టంగా పేర్కొనాలని సామాజిక మాధ్యమ ప్రసిద్ధులకు నిబంధన పెట్టింది. 2019లో ఫేస్‌బుక్ రాజకీయ ప్రకటనల భాండారాన్ని మన దేశంలో తెరిచింది. 2023లో గూగుల్, ఎవరు ఏ ప్రకటన ఇస్తున్నారో ఎవరైనా వెదికి చూసుకొనే ఏర్పాటు చేసింది. పాత కరపత్రం అడుగున చీమతలకాయ అక్షరాలకు ఇవి ఈనాటి రూపాలు. ఐతే ఆ అక్షరాలను చదివే అలవాటు మనకు ఉండాలి.

అందుకు పెద్ద విద్య అక్కరలేదు. ఫోనులో కనబడిన ప్రకటనను ఇంట్లో నలుగురూ వినేటట్టు పైకి చదవండి. ఎవరు చెబుతున్నారు? నాకే ఎందుకు చెబుతున్నారు? నలుగురిలో చెప్పగల మాటేనా? ఈ మూడు ప్రశ్నలకు నిలిచినది నిజమైన ప్రకటన, తక్కినది కర్ణేజపం. పిల్లలకు వ్యాకరణం చెప్పినంత కాలం, మాటకు అర్థం మారితే మనిషి నడత కూడా మారుతుందని చెబుతూ వచ్చాను. "ప్రకటన" విషయంలో మాట పాతదే, అర్థం మాత్రం మన కళ్ళముందే తిరగబడుతున్నది.

చివరగా ఒక మనవి. మీ ఇళ్ళల్లో, అటకల మీద పాత పాటల పుస్తకాలు, కరపత్రాలు, గోడపత్రికలు ఉంటే పారవేయకండి. అడుగున ఉన్న ప్రెస్సు పేరు, ఊరితో సహా స్కాను చేసి అందరికీ అందుబాటులో ఉంచండి. మీ ఊళ్ళో సినిమా బండి ఎలా తిరిగేదో, చాటింపు వేసినవారెవరో జ్ఞాపకమున్నవారు వ్రాయండి. ఆ మనుషుల పేర్లు ఏ పోస్టరు మీదా అచ్చు కాలేదు. వాటిని ప్రకటించవలసినవారం మనమే.